లోపలి మూతలో రెండు రంధ్రాలు: ఒక వాల్తమ్ జేబు గడియారం కథ

ఈ గడియారం కొనమని చెప్పింది నేనే. అందుకే ఈ వ్యవహారంలో మొదట రాయాల్సిన లోపం గడియారానిది కాదు, నాది.

ఒహాయోలోని డేటన్‌లో ఒక డాక్టరుగారు ఉన్నారు. గుంటూరు వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నన్ను తమ్ముడూ అంటారు. ఆయన కూతురికి పోయినేడు పెళ్ళయింది. అల్లుడు ఇక్కడి అబ్బాయే, ఒహాయోలోనే పుట్టి పెరిగాడు. అమెరికా అంతర్యుద్ధం కబుర్లంటే చెవి కోసుకుంటాడు. కొత్త అల్లుడికి మొదటి దీపావళికి ఏదో ఒకటి పెట్టాలి కదా. పట్టుపంచె పెడితే ఆ పిల్లాడు ఏం చేసుకుంటాడని ఆలోచించి, ఆగస్టులో ఒకరోజు డాక్టరుగారు మూడు ఫోటోలు వాట్సాప్‌లో పంపారు. ఒకటి డయల్, ఒకటి మూసి ఉన్న వెండి కేసు, మూడోది వెనక తలుపు తెరిస్తే కనపడే లోపలి మూత. ఆ మూత మీద ఒక సైనికుడి పేరు, అతని రెజిమెంటు, 1862 అని చెక్కి ఉన్నాయి. వాల్తమ్ కంపెనీ, విలియమ్ ఎల్లరీ రకం, యుద్ధంలో ఒక సైనికుడి జేబులో తిరిగిన గడియారం అని అమ్మేవాడి మాట. ధర 1,850 డాలర్లు.

నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. డయల్ చూశాను, అక్షరాలు చదివాను. "ఎల్లరీనే అన్నయ్యా. సైనికులు బాగా కొనుక్కున్న గడియారం అదే. బాగుంది" అని కొట్టి పంపించాను. ఆయన సాయంత్రానికల్లా డబ్బు కట్టేశారు.

ఆ మూడో ఫోటోలోనే అంతా ఉంది. నేను అక్షరాలు చూశాను గానీ వాటి పక్కనున్న రంధ్రాలు చూడలేదు. మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, ఫోటో ఏదని అడగనూ లేదు. పన్నెండేళ్ళుగా పాత గడియారాలు బాగుచేసే ఈ పని చేస్తూ, కొత్తగా కొనేవాళ్ళందరికీ "యంత్రం ఫోటో లేకుండా పైసా కట్టకండి" అని చెప్పేవాణ్ణి.

సెప్టెంబరులో గడియారం నా బల్ల మీదికి వచ్చింది. ఫిర్యాదు ఒకటే: చావి ఇస్తే ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతోంది, దీపావళికల్లా నడిపించాలి.

రెండు జాతకాలు

పాత అమెరికన్ జేబు గడియారం చేతిలోకి తీసుకుంటే మొదట గుర్తుపెట్టుకోవాల్సింది, అందులో రెండు వస్తువులున్నాయని. లోపలి యంత్రాన్ని ఒక ఫ్యాక్టరీ చేసింది. బయటి కేసును సాధారణంగా వేరే కంపెనీ చేసింది. నగల దుకాణంలో యంత్రాలు ఒక పెట్టెలో, కేసులు ఇంకో పెట్టెలో ఉండేవి. కొనేవాడు స్తోమతను బట్టి యంత్రం ఎంచుకుని, ఇష్టాన్ని బట్టి వెండిదో బంగారుదో కేసు ఎంచుకుంటే, దుకాణదారు అక్కడే రెంటినీ కలిపి ఇచ్చేవాడు. దీనికి వీలుగా యంత్రాల కొలతలు అన్ని కంపెనీలూ ఒకే లెక్కలో పెట్టుకున్నాయి. మన ఎల్లరీ 18 సైజు, అంటే యంత్రం అడ్డంగా దాదాపు 45 మిల్లీమీటర్లు.

ఈ సౌకర్యమే తర్వాత తలనొప్పి అయింది. ఒకే సైజు కాబట్టి ఏ యంత్రాన్నైనా ఏ కేసులోనైనా దూర్చే ప్రయత్నం చేయొచ్చు. బంగారం, వెండి ధరలు పెరిగిన ప్రతిసారీ కేసులు కరిగాయి, యంత్రాలు అనాథలయ్యాయి. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు ఎన్ని కేసులు మూసలో పడ్డాయో లెక్కలేదు. ఆ అనాథ యంత్రాలకు ఎవరో ఒకరు ఖాళీ కేసు వెతికి తొడుగుతారు. అది నేరం కాదు, చెప్పి అమ్మితే. అందుకని నేను ఏ గడియారానికైనా రెండు జాతకాలు విడివిడిగా రాస్తాను, యంత్రానికొకటి, కేసుకొకటి. రెండూ కలిశాయో లేదో తర్వాత చూస్తాను.

యంత్రం జాతకం

వాల్తమ్ కథ కొంచెం చెప్పాలి, లేకపోతే తేదీల గొడవ అర్థం కాదు. ఆరన్ డెనిసన్, ఎడ్వర్డ్ హోవార్డ్ మరికొందరితో కలిసి 1850లో బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో గడియారాల ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. తుపాకుల కర్మాగారంలో ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోయేలా చేస్తున్నట్టే గడియారాలూ మరలతో చేయొచ్చని డెనిసన్ పట్టుదల. 1854లో మసాచుసెట్స్‌లోనే చార్లెస్ నది ఒడ్డున వాల్తమ్ ఊరికి మారారు. 1857లో దివాలా తీశారు. వేలంలో రాయల్ రాబిన్స్ కొన్నాడు. ఫ్యాక్టరీని నిజంగా నిలబెట్టింది యుద్ధమే. 1861 తర్వాత జీతం చేతికొచ్చిన ప్రతి సైనికుడూ చవకలో గట్టి గడియారం కావాలన్నాడు. ఆ చవక రకానికి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో ఒకరైన విలియమ్ ఎల్లరీ పేరు పెట్టారు. కాబట్టి "సైనికుల గడియారం" అన్న నా మాట తప్పు కాదు. ఈ గడియారం విషయంలోనే తప్పు.

వెనక తలుపు, లోపలి మూత తెరిచి యంత్రం చూశాను. దీన్ని 1857 మోడల్ అంటారు. నిండు ప్లేటు, దాని పైన బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ వేగాన్ని అదుపులో పెట్టే చక్రం. పైన తిప్పే కిరీటం లేదు, చావితోనే నడుస్తుంది. చావి వెనక నుంచి ఇవ్వాలి. ముళ్ళు తిప్పాలంటే మాత్రం ముందు అద్దం తెరిచి, ముళ్ళ మధ్యనున్న చదరపు మొన మీద అదే చావి పెట్టి తిప్పాలి. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ప్లేటు మీద సీరియల్ నంబరు ఎనిమిది లక్షల నలభై వేల పైచిలుకు. వాల్తమ్ నంబర్లకు పట్టికలున్నాయి, అందరికీ దొరుకుతాయి. 1862లో వాళ్ళ నంబర్లు ఇంకా లక్ష కూడా దాటలేదు. పది లక్షలకు చేరింది 1877 ప్రాంతంలో. ఈ యంత్రం 1875కి అటూ ఇటూ. నంబర్లను ఫ్యాక్టరీలో గుత్తులు గుత్తులుగా కేటాయించేవాళ్ళు కాబట్టి పట్టికలో ఏడాదో రెండేళ్ళో తేడా ఉండొచ్చు. పదమూడేళ్ళు మాత్రం ఉండదు.

నంబరు చాలదన్నట్టు పక్కన ఇంకో మాట కూడా చెక్కి ఉంది: పేటెంట్ పినియన్. అమ్మేవాడు దీన్ని "అరుదైన గుర్తు" అని కూడా రాశాడట. ఇంగ్లీషు గడియారాల్లో మెయిన్‌స్ప్రింగ్‌కూ (చావి ఇస్తే చుట్టుకుని గడియారాన్ని నడిపే స్ప్రింగ్) చక్రాలకూ మధ్య ఒక శంకువు, ఒక సన్నని గొలుసు ఉండేవి. వాల్తమ్ వాళ్ళు ఆ గొలుసు తీసేసి స్ప్రింగ్ డబ్బీ పళ్ళనే నేరుగా చక్రాలకు కలిపారు. ఖర్చు తగ్గింది. కానీ స్ప్రింగ్ తెగితే డబ్బీ ఒక్కసారిగా వెనక్కి తన్నుకుని మధ్య చక్రం పళ్ళు ఊడగొట్టేది. దానికి విరుగుడుగా మధ్య చక్రం ఇరుసు మీదుండే చిన్న పళ్ళచక్రాన్ని స్క్రూలా తిప్పి బిగించారు. మామూలుగా నడిచే దిక్కులో అది బిగుసుకునే ఉంటుంది, వెనక్కి దెబ్బ తగిలితే విప్పుకుని దెబ్బను తప్పిస్తుంది. ఆలోచన ఎంత చిన్నదో, పని అంత పెద్దది. ఫాగ్ అనే ఆయన పేరున దాని పేటెంటు 1865 ఫిబ్రవరి 14న వచ్చింది.

1862 అని చెక్కిన గడియారంలో 1865 పేటెంటు. ఇక్కడితోనే విషయం తేలిపోయింది. మిగతాదంతా కేసు సంగతి.

కేసు జాతకం

కేసు మాత్రం మంచిదే. నాణెపు వెండి, అంటే ఆనాటి అమెరికా నాణేల్లో లాగే తొంభై పాళ్ళు వెండి. బరువైనది, బిజాగిరీలు గట్టిగా ఉన్నాయి, తలుపులు టక్కుమని పడుతున్నాయి. దీన్ని ఎవరూ కరిగించకుండా వదిలినందుకు సంతోషించాలి.

లోపలి మూతలో రెండు రంధ్రాలున్నాయి. ఒకటి పక్కకి, ఒకటి సరిగ్గా మధ్యలో. పక్కది చావి ఇవ్వడానికి. మధ్యది దేనికి? వెనక నుంచే ముళ్ళు కూడా తిప్పుకునే గడియారాలు కొన్ని ఉంటాయి, వాటికి ఆ రెండో రంధ్రం కావాలి. మన 1857 మోడల్‌కి ముళ్ళు తిప్పేది ముందు నుంచి. మధ్య రంధ్రంలో చావి పెడితే దాని కింద పట్టుకోవడానికి మొనే లేదు, ఉత్త ప్లేటు. అంటే ఈ కేసు ఇంకో జాతి యంత్రం కోసం చేసింది. పక్క రంధ్రమైనా సరిగ్గా సరిపోయిందా అంటే అదీ లేదు. ఒక వైపు ఆకురాయితో అరగదీసి కోడిగుడ్డులా సాగదీశారు. యంత్రంలో చావి మొన ఉన్న చోటుకీ రంధ్రానికీ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది మరి.

యంత్రాన్ని కేసు అంచుకు పట్టి ఉంచే స్క్రూలు బిగించినప్పుడు తల కింద వెండి మీద అర్ధచంద్రం లాంటి నొక్కు పడుతుంది. ఇక్కడ రెండు జతల నొక్కులు. ఒక జత పాతబడి నల్లగా ఉంది. ఇంకో జత తెల్లగా మెరుస్తోంది. ఏ పాత గడియారం కొన్నా నేను యంత్రం బయటికి తీయగానే ముందు చూసేది ఈ నొక్కులే.

ఇక అక్షరాలు. డాక్టరుగారు డబ్బు పెట్టింది వీటికే కాబట్టి వీటి మీద ఎక్కువసేపు కూర్చున్నాను. చేత్తో ఉలి పట్టి చెక్కినవాడి గీత మొదట్లో సన్నగా, వంపులో లావుగా, చివర మళ్ళీ సన్నగా పోతుంది. లోతు కూడా మారుతుంటుంది. ఇక్కడ ప్రతి గీతా ఒకే లావు, ఒకే లోతు, అడుగున గీసుకుపోయినట్టు చిన్న చారలు. మెషిన్ పని. అయినా "ఏమో, ఏదో రకం పరికరం అప్పుడూ ఉండేదేమో" అని వాదించేవాళ్ళుంటారు. అందుకని ఇంకో సాక్ష్యం వెతికాను, అదే నాకు బాగా నచ్చింది.

చావితో నడిచే గడియారం లోపలి మూత మీద రంధ్రం చుట్టూ గీతలు పడి ఉంటాయి. రాత్రి నిద్రకళ్ళతో చావి పెట్టేటప్పుడు గురి తప్పి మొన జారిన గీతలు. ఏళ్ళ తరబడి పడ్డవి. ఈ మూత మీద అవి దట్టంగా ఉన్నాయి, కొన్ని రెజిమెంటు పేరు దాకా పాకాయి. అక్షరం ముందు చెక్కి ఉంటే, చావి గీత ఆ అక్షరం అంచు మీదుగా పోయి అంచును చెదరగొట్టాలి. పది రెట్ల అద్దం కింద పెట్టి చూశాను. నేను చూసిన ఏడు చోట్లా గీత వచ్చి అక్షరం అంచు దగ్గర తెగిపోయింది, అవతలి వైపు మళ్ళీ మొదలైంది. గీత ముందు పడింది. అక్షరం దాని మీద తర్వాత వచ్చింది. ఎవరో కొన్ని దశాబ్దాలు చావి ఇచ్చి వాడుకున్న మూత మీద, చాలా కాలం తర్వాత ఇంకెవరో 1862 అని చెక్కారు.

ఆ సైనికుడి పేరు నిజంగానే పాత జాబితాల్లో ఉందా అని డాక్టరుగారు అడిగారు. ఉండొచ్చు, అన్నాను. అబద్ధం చెక్కేవాడికి కూడా జాబితాలు దొరుకుతాయి. అందుకని నేను దాని వెంట పోలేదు.

కేసు వెనక తలుపు లోపలి వైపు సన్నని గీతలతో మూడు చోట్ల అంకెలున్నాయి. ఇవి బాగుచేసినవాళ్ళు గీసుకున్నవి. తేదీ, తమ గుర్తు, ఒక్కోసారి కూలి. తెనాలిలో మా మేనమామ కూడా హెచ్ఎంటీ జనతా వెనక మూతలో సూదితో తేదీ గీసేవాడు. మళ్ళీ అదే గడియారం వస్తే "మొన్ననేగా ఆయిలు వేశాను" అని చెప్పడానికి. ఇది ప్రపంచమంతా ఉన్న అలవాటే. లింకన్ జేబు గడియారం బాగుచేస్తున్న జొనాథన్ డిల్లన్ 1861 ఏప్రిల్ 13న, యుద్ధం మొదలైందన్న కబురు వినగానే, డయల్ కింద ప్లేటు మీద ఆ మాట గీశాడు. కుటుంబంలో ఆ కథ మిగిలింది. 2009లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళు గడియారం విప్పి చూస్తే నిజంగానే ఉంది. నా బల్ల మీది గడియారానికి అంత అదృష్టం లేదు. కేసులో పాత తేదీ 1879, అది పోయిన యంత్రానికి సంబంధించినది. మన యంత్రం డయల్ అడుగున రాగి మీద 81 అని మాత్రం ఉంది.

ఫోన్ చేయడం

ఈ పనిలో కష్టం ఇదే. ఆ ఫోన్ రెండు రోజులు వాయిదా వేశాను. చివరికి నేనే డేటన్ వెళ్ళాను.

"అన్నయ్యా, యంత్రం 1875 ప్రాంతంది. కేసు ఇంకో గడియారానిది. ఆ అక్షరాలు మన కాలంలో చెక్కినవి. మూడూ మూడు దారుల్లో వచ్చి కలిశాయి" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి నువ్వు బాగుందన్నావు కదా తమ్ముడూ" అన్నారు. కోపంగా కూడా కాదు.

"అన్నాను. చూడకుండా అన్నాను. ఆ ఫోటోలోనే రెండు రంధ్రాలు కనపడుతున్నాయి."

నా రెండు పేజీల రిపోర్టు, పదకొండు ఫోటోలు ఆయన అమ్మినవాడికి పంపించారు. ముందు "వాపసు లేదు" అన్నాడు. తర్వాత "నంబరు పట్టికలు నమ్మదగ్గవి కావు" అన్నాడు. పేటెంటు తేదీ, చావి గీతల ఫోటో పంపాక ఆరు వందలు వెనక్కి ఇచ్చాడు. గడియారం తిరిగి పంపితే మొత్తం ఇస్తావా అంటే జవాబు రాలేదు. ఇలాంటి యంత్రం, ఇలాంటి వెండి కేసు, కలవని జోడీ అని చెప్పి అమ్మితే నా లెక్కలో 250 డాలర్లు. పనికి నేను డబ్బు తీసుకోలేదు. ఆయన ఇవ్వబోయారు గానీ, నాకు ముఖం చెల్లలేదు.

"పోనీ, ఇది రైల్వే గడియారమైనా అవుతుందా?" అని అడిగారు వచ్చేముందు. అందరూ అడుగుతారు. కాదు. రైల్వే గడియారాల నిబంధనలు తర్వాతవి. 1891 ఏప్రిల్‌లో మన ఒహాయోలోనే కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక గడియారం నాలుగు నిమిషాలు వెనకబడటమే కారణమని చెబుతారు. ఆ తర్వాత క్లీవ్‌లండ్ నగల వ్యాపారి వెబ్ బాల్ చేతిమీదుగా కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. కనీసం 17 రాళ్ళు (ఇరుసు కొనలు అరగకుండా పెట్టే చిన్న మణిరాళ్ళు), పడుకోబెట్టీ నిలబెట్టీ అయిదు భంగిమల్లో సరిచూసినది, వారానికి 30 సెకన్లకు మించి తేడా రానిది. మన ఎల్లరీలో 11 రాళ్ళు. భంగిమల సర్దుబాటు అసలు చేయనేలేదు. అది ఎవరికీ అలాంటి మాట ఇచ్చి పుట్టలేదు.

బాగుచేయడం

ఇరవై నిమిషాలకు ఆగడానికి కారణం వెతకడం సులువే అయింది. స్ప్రింగ్ ఒత్తిడి దించి, విప్పి, డబ్బీలోంచి మెయిన్‌స్ప్రింగ్ బయటికి తీశాను. బతికున్న స్ప్రింగ్ బయటికి రాగానే చెయ్యంత వెడల్పుకు విచ్చుకోవాలి. ఇది జంతికలా చుట్టుకునే ఉంది. పాత నీలి ఉక్కు, బలం చచ్చిపోయింది. దానికి తోడు మధ్య రంధ్రానికి సరిగ్గా కింద ప్లేటు మీద జేబులోని నూలుపోగులు, నల్లని జిడ్డు. ఎన్నాళ్ళుగానో ఆ పనికిమాలిన రంధ్రం దుమ్ము పోస్తూనే ఉంది. ఆయిలు ఎండి లక్కలా అయింది.

కొత్త స్ప్రింగ్ ఎంచేటప్పుడు పాతదాని మందమే మళ్ళీ పెట్టకూడదు. ఇప్పటి తెల్ల మిశ్రలోహం అదే మందంలో ఎక్కువ బలం ఇస్తుంది. బ్యాలెన్స్ అవసరానికి మించి ఊగి, దానికున్న చిన్న పిన్ను లివరుకు అవతలి వైపు నుంచి తగిలి, గడియారం గుర్రంలా పరిగెత్తుతుంది. వెడల్పు అదే ఉంచి ఒక మెట్టు పలచనిది వేశాను.

తర్వాతిది నా రెండో తప్పు. బ్యాలెన్స్ చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే బ్రిడ్జిని కాక్ అంటారు. దాని పాదం కింద వెండికాగితం లాంటి చిన్న రేకు దొరికింది. ఎవరో నాసిరకంగా చేసిన పని అనుకుని తీసి పారేయబోయి, ఏదో అనిపించి అగ్గిపెట్టెలో పెట్టాను. అదృష్టం. అన్నీ శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు కాక్ స్క్రూ తిప్పుతూ ఉన్నాను. ఈ స్క్రూ బిగించేటప్పుడు చూపు బ్యాలెన్స్ మీదే ఉండాలి, ఊగుడు ఏమాత్రం బిగిసినా చెయ్యి ఆగాలి. నేను అరచుట్టు ఎక్కువ తిప్పాను. చక్రం ఆగిపోయింది. వెంటనే వెనక్కి తిప్పి, చక్రం తీసి, ఇరుసు కొనలు అద్దం కింద చూసేదాకా ఊపిరి ఆడలేదు. విరగలేదు.

కొలిచి చూస్తే ఇరుసు ఉండాల్సిన దానికంటే కొద్దిగా పొడుగు. వెనకెప్పుడో అసలు ఇరుసు విరిగితే, దొరికిన ఇంకో ఇరుసు వేసి, అది పొడుగైతే కాక్ కింద రేకు పెట్టి ఎత్తు సర్దారు. నేను నాసి అనుకున్నది ఒక లెక్క ప్రకారం చేసిన పని. ఒకదాని భాగం ఇంకోదానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుందన్నది డెనిసన్ కల. 1870ల గడియారాల్లో రాళ్ళకీ ఇరుసు కొనలకీ ఇంకా విడివిడిగా సర్దుబాటు చేయాల్సి వచ్చేది. అయినా ఆ కల చాలావరకు నిజమైందని స్విట్జర్లండ్ వాళ్ళకు 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శన చూశాకే అర్థమైంది. అక్కడ వాల్తమ్ వాళ్ళు స్క్రూలను తనంతట తానే చేసే మరను నడిపి చూపించారు. జాక్ డేవిడ్ అనే స్విస్ ఇంజనీరు అమెరికా ఫ్యాక్టరీలు చూసి వెళ్ళి తనవాళ్ళను హెచ్చరిస్తూ పెద్ద నివేదికే రాశాడు. ఆ హడావుడి జరుగుతున్న రోజుల్లోనే ఈ ఎల్లరీ ఏదో దుకాణంలో తన మొదటి కేసు కోసం కాచుకుని ఉండి ఉంటుంది.

సరైన పొడవు ఇరుసు చేయించి వేయొచ్చు. దానికి పాత ఇరుసును బ్యాలెన్స్ చక్రంలోంచి కొట్టి తీయాలి. నూట యాభై ఏళ్ళ చక్రం వంగే ప్రమాదం. నడుస్తున్నదాన్ని పరిపూర్ణం చేయబోయి చెడగొట్టడం నాకిష్టం లేదు. పాత రేకు మందం మైక్రోమీటరులో చూశాను, 0.06 మిల్లీమీటర్లు. అంతే మందం ఇత్తడి రేకు కొత్తది కత్తిరించి పెట్టాను. పాత రేకు ఇప్పటికీ ఆ అగ్గిపెట్టెలోనే ఉంది. దాన్ని రిపోర్టు కాగితాలతో పాటు డాక్టరుగారికిచ్చాను.

టైమ్‌గ్రాఫర్, అంటే గడియారం టిక్కులు విని వేగం కొలిచే మెషిను, మీద పెట్టేముందు ఒక మాట. ఆ కాలపు గడియారాల్లో గంటకు 14,400 టిక్కులు కొట్టేవి, 16,200 కొట్టేవి, 18,000 కొట్టేవి మూడూ కనపడతాయి. మెషినును దానంతటదే ఊహించుకోమని వదిలేస్తే చెత్త అంకెలు చూపిస్తుంది. చక్రాల పళ్ళు లెక్కపెట్టి, ఎంతో తేల్చుకుని, చేత్తో పెట్టాలి.

బాగుచేయకముందు బ్యాలెన్స్ ఊగుడు 140 డిగ్రీల దగ్గర కొట్టుమిట్టాడేది. ఇప్పుడు డయల్ పైకి పెడితే 240, నిలువుగా పెడితే 205. పడుకోబెడితే రోజుకు 15 సెకన్లు ముందు, నిలబెడితే 50 సెకన్లు వెనక. పగలు జేబులో, రాత్రి బల్ల మీద అనుకుంటే రోజుకు నిమిషం లోపే తేడా. ఇంకా తగ్గించొచ్చు, బ్యాలెన్స్ స్క్రూల కింద వాషర్లు పెట్టి. చేయలేదు. ఎల్లరీకి ఇది చాలు.

డయల్ ఎనామెల్, మూడు వెంట్రుకవాసి పగుళ్ళు. వాటి జోలికి పోలేదు.

కాగితం

మిగిలింది అక్షరాల సంగతి. "అది గీకించేయొచ్చా?" అన్నారు డాక్టరుగారు. వద్దన్నాను. లోతుగా చెక్కారు, గీకితే మూత పలచబడిపోతుంది. పైగా అబద్ధం పోవడంతో పాటు అది అబద్ధమని చెప్పే చావి గీతలూ పోతాయి. రేపు ఇంకెవరైనా శుభ్రంగా ఉన్న ఆ మూత మీద ఇంకో పేరు చెక్కుకోవచ్చు.

పాత రోజుల్లో ఇంగ్లండులోనూ ఇక్కడా గడియారాలు బాగుచేసేవాళ్ళు తమ పేరు, ఊరు, తేదీ అచ్చేసిన గుండ్రటి కాగితం ఒకటి కేసులో పెట్టి ఇచ్చేవాళ్ళు. అదే పద్ధతి పట్టుకున్నాను. యాసిడ్ లేని పలుచని కాగితం మూత కొలతకు గుండ్రంగా కత్తిరించాను. దాని మీద చిన్న అక్షరాల్లో: యంత్రం వాల్తమ్, 1875 ప్రాంతం, కేసు వేరే గడియారానిది, 1879కి ముందుది, కింద ఉన్న చెక్కుడు ఇటీవలిది, నమ్మవద్దు, ఇరుసు మార్చినది, కాక్ కింద ఇత్తడి రేకు ఉంది, తీయవద్దు. ఇంగ్లీషులో రాశాను. డాక్టరుగారు చదివి, "రెండో వైపు తెలుగులో కూడా రాయి తమ్ముడూ, నా మనవడెవడైనా చదువుకుంటాడేమో" అన్నారు. రాశాను. "నమ్మవద్దు" అన్న చోట కాస్త లావుగా రాయమన్నారు.

కాగితం వెనక తలుపుకీ లోపలి మూతకీ మధ్య కూర్చుంటుంది. రోజూ దాన్ని తీసి చావి ఇవ్వడం కష్టం కాబట్టి, మూతకు ఆనించి చావి మొన ఎదురుగా పంచ్‌తో రంధ్రం కొట్టాను. ఒక్కటే. మధ్యలో కొట్టలేదు.